హవానా చుట్ట – పాతబడిన కొలది రుచి ఎందుకు?

1492వ సంవత్సరము నవంబరులో కొలంబసు పంపిన ఇద్దరు మనుష్యులు క్యూబా దీవి లోపలి భాగములను చూచి వచ్చి ఒక వింత చెప్పిరి. అచటి జనులు ఎండిన ఆకులను చుట్టగా చుట్టి, ఒక కొనకు నిప్పంటించి, రెండవ కొననుండి పొగ పీల్చుచున్నారట! ఐరోపావారికి చుట్ట సంగతి తెలిసినది ఇట్లు. ఆ దీవి పడమటి భాగమున, పినార్ డెల్ రియో ప్రాంతమున పండు ఆకు నేటికిని మేలైనదని పేరుపొందినది.

ఆ ఆకు కొరకు నెత్తురు కూడ చిందినది. 1717లో స్పెయిను ప్రభుత్వము క్యూబా పొగాకు వ్యాపారమునంతను తన గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చుకొనగా రైతులు మూడు మారులు తిరుగబడిరి. 1723లో పలువురికి మరణదండన విధింపబడెను. గుత్తాధిపత్యము 1817లో గాని తొలగలేదు.

ఇంత విలువగల ఆకు కోసిన వెంటనే త్రాగుటకు పనికిరాదు. మొదట దానిని కొట్టములలో వ్రేలాడదీసి ఆరబెట్టుదురు. కోసిన పిదప కూడ ఆకులోని కణములు కొంతకాలము జీవించియే యుండును. వానిలోని పిండిపదార్థము చక్కెరగా మారి, శ్వాసక్రియలో ఖర్చగును. తరువాత ఆకులకు కొంచెము తేమ తగిలించి పెద్ద కుప్పలుగా పేర్చుదురు. తడిసిన గడ్డివామి తనంతట తాను వేడెక్కుటను మీరు గమనించియుందురు. పొగాకు కుప్పయు అట్లే వేడెక్కును. వేడి మితిమీరకుండ కుప్పను విప్పి, లోపలి ఆకులను పైకి తెచ్చి మరల పేర్చుదురు. ఈ దశలో మాంసకృత్తులు విచ్ఛిన్నమగును. ఘాటైన అమోనియా వెలువడును. నికోటిన్ కొంత తగ్గును.

ఈ మార్పునకు కారణమెవరు? 1891లో జర్మనీ శాస్త్రజ్ఞుడు సుక్స్‌లాండ్ ఇది బాక్టీరియాల పని యనెను. మేలైన పొగాకునందలి బాక్టీరియాలను నాసిరకపు ఆకుపై పెంచినచో దానికిని మంచి వాసన అబ్బునని ఆయన ఆశ. ఆస్కార్ లోవ్ దీనిని అంగీకరింపలేదు. ఆకులోని ఎంజైములే కారణమని ఆయన వాదించెను. పొగాకును పరిశోధించుచు ఆయన గుర్తించి, ‘కాటలేజ్’ అని పేరిడిన ఎంజైమును గూర్చి 1901లో ప్రకటించెను. హైడ్రోజన్ పెరాక్సైడును విడగొట్టు ఈ ఎంజైము మన రక్తములోను కలదు. పొగాకు కుప్పలో సూక్ష్మజీవులకును రసాయన చర్యలకును కూడ పాలున్నదని నేడు మనకు తెలియును.

చుట్టిన తరువాత కూడ మార్పు ఆగదు. మంచి చుట్టలను స్పానిష్ సెడార్ అను కొయ్యతో చేసిన పెట్టెలలో ఏండ్ల తరబడి నిలువయుంచుదురు. పేరులో సెడార్ అని యున్నను ఈ చెట్టు దేవదారు జాతిది కాదు. మన వేప కుటుంబమునకు చెందినది! పెట్టెలో గాలి తేమ 65 – 70 శాతము ఉండవలెను. తేమ తగ్గిన చుట్ట వేడిగా, త్వరగా కాలిపోవును; హెచ్చినచో బూజు పట్టును. మిగిలిన అమోనియా మెల్లమెల్లగా వెడలిపోగా పొగలోని కరకుదనము తగ్గును.

రుచి తెలిసినవారు ఈ పొగను ఊపిరితిత్తులలోనికి పీల్చరు. నోటిలో నిలిపి వదలుదురు. కోకో వాసన, కొయ్య వాసన, తోలు వాసన అని వర్ణింతురు. నాలుకకు తెలియునవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసరసమువంటి ఉమామి – ఈ అయిదే. తక్కినదంతయు నోటి వెనుకనుండి ముక్కునకు చేరు వాసనయే.

ఇచ్చటనే ఒక భ్రమ కలదు. మెత్తని పొగ హానిలేనిదని పలువురి నమ్మకము. కాని చుట్ట పొగకు సిగరెట్టు పొగకంటె సాధారణముగ క్షారగుణము హెచ్చు. క్షారస్థితిలో నికోటిన్ నోటి లోపలి పొరగుండ సులభముగ రక్తములో చేరును, లోనికి పీల్చనక్కరలేదు. అంతేకాదు. రుచినిచ్చు ఆ పులియుటలోనే కొన్ని సూక్ష్మజీవులు ఆకులోని నైట్రేటులను నైట్రైటులుగా మార్చును. ఇవి నికోటిన్‌తోను, దానివంటి పదార్థములతోను కలిసి నైట్రోసమీనులగును. వీనిలో కొన్ని కాన్సరు కలిగించునవి. చుట్టలవలన నోటికి, గొంతుకు, అన్నవాహికకు, ఊపిరితిత్తులకు కాన్సరు కలుగునని అమెరికా జాతీయ కాన్సరు సంస్థ 1998లో వెలువరించిన గ్రంథము తెలిపినది. మన గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్టయు ఇందుకు మినహాయింపు కాదు.

అమోనియా ఘాటును మన ముక్కు పసిగట్టును, నైట్రోసమీనులను పసిగట్టలేదు. చుట్ట ఎంత పాతదో, ఎంత మెత్తనిదో రుచి చూచి చెప్పవచ్చును గాని, అది చేయు హానిని తెలిసికొనుటకు ప్రయోగశాలయు, రోగుల లెక్కలును కావలసివచ్చినవి.