పెట్రోలు పొదుపు: అమెరికా కార్ల కథ

1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారు లీటరు పెట్రోలుకు సుమారు 5.5 మొదలు 9 కిలోమీటర్ల వరకు నడిచెడిది. 1975లో అమెరికాలో అమ్ముడుపోయిన క్రొత్త కార్లు, తేలికరకపు ట్రక్కుల సగటు 5.6 కిలోమీటర్లు మాత్రమే. మరి అన్ని దశాబ్దముల పరిశోధన ఏమైనట్లు?

పరిశోధన ఆగలేదు. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమును మండించుటకు ముందు సిలిండరులో ఎంతగా అదిమిన, పుట్టిన ఉష్ణములో అంత ఎక్కువ భాగము పనిగా మారును. మోడల్ టి ఇంజను ఆ మిశ్రమమును సుమారు నాలుగవ వంతునకే అదిమెడిది. అంతకు మించి అదిమినచో మిశ్రమములో కొంత భాగము తనంతట తానే భగ్గున మండి, లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడగును. సీసపు సమ్మేళనమొకటి కొద్దిగా కలిపినచో ఈ దోషము తగ్గునని 1921లో థామస్ మిడ్జ్లీ కనుగొనెను. ఆ సీసము పొగతోపాటు గాలిలో చేరి జనులకు విషమైనది. అది వేరొక కథ. 1960 దశకము నాటికి పలు అమెరికా ఇంజనులు మిశ్రమమును దాదాపు పదవ వంతునకు అదుమగలిగినవి.

కాని ఈ లాభము పొదుపునకు పోలేదు. బరువునకు, వేగమునకు పోయినది. మోడల్ టి బరువు సుమారు 540 కిలోగ్రాములు, శక్తి 20 అశ్వశక్తులు. 1975 నాటి సగటు వాహనము బరువు 1,840 కిలోగ్రాములు, శక్తి 137 అశ్వశక్తులు. పెట్రోలు చౌకగా దొరకునంతకాలము ఎవరికిని చింత లేకపోయినది.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు నిలిపివేసినవి. పెట్రోలు బంకుల వద్ద కార్లు బారులు తీరినవి. 1975లో చట్టము వచ్చినది. దాని ననుసరించి కార్ల సగటు పరీక్షలలో 1978 నాటికి గాలనుకు 18 మైళ్ళు, 1985 నాటికి 27.5 మైళ్ళు, అనగా లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లు, కావలెను. 1981 నాటికే వాహనముల సగటు బరువు 1,450 కిలోగ్రాములకు దిగినది. 1987లో రోడ్డుపై సగటు 9.4 కిలోమీటర్లకు చేరినది. ఇందుకు వింత ఇంధనమేదియు కావలసిరాలేదు.

పిమ్మట కథ వెనుకకు తిరిగినది. 1986లో చమురు ధర పడిపోయినది. పైగా తేలికరకపు ట్రక్కులకు చట్టము తక్కువ ప్రమాణము విధించినది. ఆ తరగతిలో చేరు పెద్ద వాహనములను కుటుంబములు విరివిగా కొనసాగినవి. 2004లో సగటు 8.2 కిలోమీటర్లకు తగ్గినది. ఇంజనులు చెడినవా? లేదు, 1981తో పోల్చిన శక్తి రెట్టింపైనది! బరువు, శక్తి 1980 నాటివే అయి యుండినచో, 2006 నాటికి పొదుపు దాదాపు 60 శాతము పెరిగి యుండెడిదనియు, నిజముగా పెరిగినది 15 శాతమేననియు ఆర్థికశాస్త్రజ్ఞుడు క్రిస్టఫర్ నిటెల్ 2011లో లెక్కగట్టెను.

2007లో చట్టము మరల బిగిసినది. బ్రేకు వేసినపుడు వృథాయగు శక్తిని బ్యాటరీలో దాచుకొను టయోటా ప్రియస్ వంటి కార్లు, పూర్తిగా విద్యుత్తుతో నడుచు కార్లు వ్యాపించినవి. 2023లో సగటు 11.5 కిలోమీటర్లకు పెరిగినది. అయితే ఆ ఏటి సగటు వాహనము బరువు 1,900 కిలోగ్రాములకు పైమాటే. శక్తి 250 అశ్వశక్తులు దాటినది.