క్యాసెట్ నుంచి కార్డు దాకా

1982 ఏప్రిల్‌లో ఇంగ్లాండులో సింక్లెయిర్ కంపెనీ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న ఇంటి కంప్యూటర్‌ను విడుదల చేసింది. నల్లటి పెట్టె, రబ్బరు మీటలు, తెరకు బదులు ఇంట్లోని టీవీ. మెమరీ 16 కేబీ లేదా 48 కేబీ. కరెంటు పోతే అందులో ఉన్నదంతా మాయం. దాచుకోవడానికి ఎక్కువమందికి దిక్కు మామూలు పాటల క్యాసెట్టే.

ప్రోగ్రామును కీచుమనే శబ్దంగా మార్చి టేపు మీద రికార్డు చేసేవాళ్లు. మళ్లీ కావాలంటే ఆ శబ్దాన్ని కంప్యూటర్‌కు వినిపించాలి. వేగం సెకనుకు సుమారు 1,500 బిట్లు. నేను లెక్క వేసి చూశాను: 48 కేబీ అంటే 3,93,216 బిట్లు. నాలుగు నిమిషాల పైనే పడుతుంది! వాల్యూమ్ సరిగ్గా లేకపోతే 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్' అని వచ్చేది. టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదటినుంచి.

ఆలస్యం సంగతి అటుంచితే, టేపుకు వయసైపోతుంది. మా తాత దాచుకున్న హరికథ క్యాసెట్లలో ఇప్పుడు గొంతు సాగుతుంది, మధ్యలో మాటలు మింగేస్తుంది. అయినా కథ అర్థమవుతుంది. ప్రోగ్రాముకు ఆ వీలు లేదు. ఒక్క బిట్టు తప్పినా చివర ఉండే సరిచూసే బైటు కుదరదు.

అందుకే ఈ పాత కంప్యూటర్ల అభిమానులు డివ్‌ఎంఎంసీ అనే చిన్న బోర్డు తయారు చేసుకున్నారు. స్పెక్ట్రమ్ వెనక ఉన్న కనెక్టర్‌కు తగిలిస్తారు. అందులో ఎస్‌డీ కార్డు పెడతారు. 1 జీబీ కార్డులో 48 కేబీ ఆటలు 20 వేలకు పైగా పడతాయి.

కానీ 1982 నాటి కంప్యూటర్‌కు ఎస్‌డీ కార్డు అంటే ఏం తెలుసు? ఇక్కడే నాకు బాగా నచ్చిన ఉపాయం ఉంది. స్పెక్ట్రమ్ రామ్‌లో కాదు, రోమ్‌లో, టేపు చదివే భాగం ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ ఆ చిరునామాకు వెళ్లగానే బోర్డు కనిపెట్టి, రోమ్‌ను పక్కకు జరిపి తన ప్రోగ్రామును అక్కడ నిలబెడుతుంది. కార్డులోంచి బైట్లు తెచ్చి మెమరీలో పెట్టి, రోమ్‌ను తిరిగి ఇచ్చేస్తుంది. స్పెక్ట్రమ్ మాత్రం టేపే చదివాననుకుంటుంది. కొన్ని ఆటలకు టేపు చదివే ప్రోగ్రాము సొంతంగా ఉంటుంది. వాటి దగ్గర ఈ మాయ సాగదు. మెమరీ మొత్తాన్ని ఫొటో తీసినట్టు దాచిన ఫైలు వాడాలి.

కొత్త భాగాల కోసం పాత పెట్టెను కోసేవాళ్లూ ఉన్నారు. అది నాకు నచ్చదు. ఈ బోర్డు పీకేస్తే మళ్లీ 1982 కంప్యూటరే మిగులుతుంది.

అయితే కార్డులోకి ఎక్కాలంటే ముందు ఎవరో టేపును చదివి ఫైలుగా మార్చాలి. దుకాణాల్లో అమ్మిన ఆటలకు చాలా కాపీలున్నాయి. పిల్లలు బేసిక్‌లో సొంతంగా రాసుకున్నవి మాత్రం ఒక్కో టేపు మీదే ఉండిపోయాయి. మన దేశంలో కూడా 1984లో క్లాస్ అనే పథకం కింద బడుల్లోకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. వాటికీ క్యాసెట్ తగిలించుకునే వీలుంది, ఇప్పుడు వాటికీ ఎస్‌డీ కార్డు బోర్డులున్నాయి. అప్పటి విద్యార్థులకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. ఈ పత్రిక చదివే పెద్దల్లో ఎవరి ఇంట్లోనైనా పేరు రాయని పాత క్యాసెట్ ఉంటే, పారేసే ముందు ఒకసారి పెట్టి వినండి. పాటకు బదులు కీచుమని మోగితే దయచేసి దాన్ని పక్కన పెట్టండి.