బోనులో మనిషి: పరిణామవాదం, మతం, పుట్టుక

మనిషి కోతి నుంచి పుట్టాడని డార్విన్ అన్నాడని మన దగ్గర చదువుకున్నవాళ్లు కూడా అంటుంటారు. ఆయన అన్నది అది కాదు. ఇవాళ అడవిలో తిరిగే చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. దాదాపు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో తోకలేని కోతుల్లో ఒక జాతి ఉండేది. దాని సంతానంలో ఒక పాయ చింపాంజీల వైపు సాగింది, మరొక పాయ మన వైపు సాగింది. అప్పట్నించి రెండు పాయలూ మారుతూనే వచ్చాయి. “మరి ఇప్పటి కోతులు మనుషులెందుకు కావడం లేదు?” అని సభల్లో లేచి అడిగేవాళ్లున్నారు. పెదనాన్న కొడుకు మన కొడుకెందుకు కాలేదని అడిగినట్టుంటుంది అది.

ఈ సిద్ధాంతానికి మతం ఎట్లా అడ్డుపడిందో చెప్పేటప్పుడు పుస్తకాలు రెండు ఘట్టాలు తప్పక చెప్తాయి. 1860 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్ సభలో బిషప్ విల్బర్‌ఫోర్స్‌కూ హక్స్‌లీకీ జరిగిన వాదం ఒకటి. 1925లో అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం డేటన్ ఊళ్లో ఈ పాఠం చెప్పాడని స్కోప్స్ అనే టీచరుకు కోర్టు 100 డాలర్ల జరిమానా వేసిన కేసు రెండోది. రెండూ తెల్లవాళ్లలో తెల్లవాళ్లకు జరిగిన తగాదాలు. మతం ఒకవైపు, సైన్సు ఒకవైపు నిలబడి కనిపిస్తాయి గనక ఏ పక్షం వహించాలో తేలిగ్గా తెలిసిపోతుంది. (స్కోప్స్ వాడిన ఆ పాఠ్యపుస్తకమే మానవజాతులను అయిదుగా విడగొట్టి తెల్లజాతిని అన్నిటికన్నా పైన కూర్చోబెట్టిందన్న సంగతి మాత్రం అరుదుగా చెప్తారు.) మేం ఇక్కడ మూడో ఘట్టం ఎత్తుకుంటున్నాం. అది 1906లో న్యూయార్క్‌లో జరిగింది. అందులో పరిణామవాదాన్ని కాదన్నది నల్లజాతి పాస్టర్లు. తరతరాలుగా పశువుల కింద లెక్కకట్టబడిన మన పల్లెలకూ వాడలకూ వాళ్ల మాట దగ్గరగా వినిపిస్తుంది.

ఒటా బెంగా అనే యువకుడు కాంగో అడవుల్లోని ఎంబూటి తెగవాడు. ఆనాటి కాంగో బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఎస్టేటు లెక్క నడిచింది. రబ్బరు కోసం అక్కడ సాగిన హింస లోకానికి తెలిసిందే. వెర్నర్ అనే ఒకప్పటి మిషనరీ అతన్ని 1904లో అమెరికా తీసుకొచ్చి సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనలో పెట్టాడు. ఆ ప్రదర్శనలో యంత్రాలతో పాటు మనుషుల్నీ వరస పెట్టి చూపించారు. 1906 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ అతన్ని కోతుల ఇంట్లో, డొహాంగ్ అనే ఒరాంగుటాన్‌తో కలిపి బోనులో పెట్టింది. బయట ఒక బోర్డు: పేరు, వయసు 23, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, సెప్టెంబరులో రోజూ మధ్యాహ్నం ప్రదర్శన. తెగ ఆచారం ప్రకారం అతని పళ్లు మొనదేలేట్టు అరగదీసి ఉండేవి. జనం వాటిని చూడ్డానికి ఎగబడ్డారు. ఒక్క ఆదివారమే 40,000 మంది వచ్చారని పత్రికలు రాశాయి.

జూ డైరెక్టరు హార్నడే దీన్ని విజ్ఞాన ప్రదర్శన అన్నాడు. ఆ జూ సంఘానికి కార్యదర్శి మాడిసన్ గ్రాంట్. ఈ పేరు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

బ్రూక్లిన్‌లో నల్లపిల్లల అనాథాశ్రమం నడిపే పాస్టరు జేమ్స్ గోర్డన్, తోటి పాస్టర్లు కలిసి నిరసనకు దిగారు. మా జాతి ఇప్పటికే అణగారి ఉంది, మాలో ఒకణ్ని కోతుల పక్కన నిలబెట్టి చూపక్కర్లేదు, మాకూ ఆత్మ ఉంది, మేమూ మనుషులమే అన్నది వాళ్ల మాట. దాంతోపాటు ఇంకోటి కూడా అన్నారు: ఈ ప్రదర్శన డార్విన్ సిద్ధాంతాన్ని రుజువు చెయ్యడానికే, అది క్రైస్తవానికి విరుద్ధం, ఆపాలి. నగర మేయరు వాళ్లను కలవడానికే ఒప్పుకోలేదు. న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం వెటకారం చేసింది. పరిణామవాదం బళ్లలో పాఠంగా ఉంది, ఎక్కాల మీద తగవు లేనట్టే దీని మీదా తగవు లేదని ఆ నల్ల పాస్టరుకు చెప్పాలట!

ఇక్కడ సైన్సు ఎవరి వైపుంది? పైపైన చూస్తే పత్రిక వైపు, జూ వైపు. ప్రగతిశీల శక్తులమని చెప్పుకునేవాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు. పాస్టర్లు మూఢవిశ్వాసులు, పత్రిక విజ్ఞానవాది అని తేల్చేస్తారు. మేం ఒప్పుకోం. ఉమ్మడి పూర్వీకుడున్నాడనే మాట నిజమైతే, ఏ మనిషీ కోతికి ఇంకో మనిషికన్నా దగ్గర కాడు. హార్నడేకీ చింపాంజీకీ ఎంత దూరమో, ఒటా బెంగాకీ చింపాంజీకీ అంతే దూరం. ఇద్దరూ ఆ పాత జాతి నుంచి ఒకే 60, 70 లక్షల ఏళ్లు నడిచి వచ్చినవాళ్లే. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23 జతలు. పాత కోతుల రెండు క్రోమోజోములు మన పాయలో ఎప్పుడో అతుక్కుని ఒకటయ్యాయి. ఆ అతుకు గుర్తు మన రెండో నంబరు క్రోమోజోములో ఇప్పటికీ ఉంది. అది గుడిలో పూజారి ఒంట్లోనూ ఉంది, మ్యాన్‌హోల్‌లోకి దిగే కార్మికుడి ఒంట్లోనూ ఉంది. బ్రాంక్స్ జూ చూపింది ఈ చెట్టును కాదు. అడుగున కోతి, దానిపై నల్లవాడు, అందరి పైన తెల్లవాడు నిలబడ్డ నిచ్చెన అది. ఆ నిచ్చెన డార్విన్‌కన్నా పాతది. నిచ్చెనమెట్ల కుల వ్యవస్థ కింద బతికిన మనకు దాని సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. పాస్టర్లు మనిషి పరువు కోసం మాట్లాడారు, అది సరైన మాట. డార్విన్ గురించి వాళ్లన్నది తప్పు. కానీ ఆ తప్పు నేర్పింది జూయే.

డార్విన్ సంగతి కూడా దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ఎడిన్‌బరోలో చదివేటప్పుడు, 1826లో, ఆయన జాన్ ఎడ్మన్‌స్టన్ దగ్గర చచ్చిన పక్షుల తోళ్లు ఒలిచి గడ్డి కూరి నిలబెట్టే పని నేర్చుకున్నాడు. ఎడ్మన్‌స్టన్ గయానా నుంచి వచ్చిన నల్లవాడు, బానిసత్వం నుంచి విముక్తుడైనవాడు. తోలు పనిని మైల పని అన్న దేశం మనది. డార్విన్‌కు మాత్రం ఆ పనే ఓడ మీద పనికొచ్చింది. నల్లవాళ్ల మనసుకూ తమ మనసుకూ ఎంత పోలికో చెప్పేటప్పుడు 1871 నాటి పుస్తకంలో ఒక నల్ల మిత్రుణ్ని తలుచుకున్నాడు, అది ఎడ్మన్‌స్టనేనని చరిత్రకారులంటారు. డార్విన్ కుటుంబం బానిసత్వాన్ని వ్యతిరేకించిన కుటుంబం. అయినా అదే పుస్తకంలో నాగరిక జాతులు ఆటవిక జాతులను తుడిచిపెడతాయని రాశాడు. చెట్టును కనిపెట్టిన మనిషే నిచ్చెన మీంచి పూర్తిగా దిగలేకపోయాడన్నమాట.

పాస్టర్ల ఒత్తిడి వల్ల సెప్టెంబరు చివర్లో ఒటా బెంగాను గోర్డన్ ఆశ్రమానికి పంపారు. తర్వాత అతను వర్జీనియాలోని లించ్‌బర్గ్ చేరాడు. అరగదీసిన పళ్లకు తొడుగులు వేయించారు, చదువు చెప్పారు, పొగాకు ఫ్యాక్టరీలో పని చేశాడు. ఇంటికి తిరిగి వెళ్లే దారి దొరకలేదు. 1916 మార్చి 20న తుపాకితో కాల్చుకుని చనిపోయాడు.

ఆ 1916లోనే మాడిసన్ గ్రాంట్ ‘ద పాసింగ్ ఆఫ్ ద గ్రేట్ రేస్’ అచ్చువేశాడు. ఉత్తర ఐరోపా తెల్లజాతి రక్తం కలుషితమైపోతోందని గోల పెట్టిన పుస్తకం అది. తర్వాత నాజీలకు ఎంతో ఇష్టమైంది. అదే ఏడు మే 9న, అదే న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇరవై అయిదేళ్ల విద్యార్థి ఒకడు మానవశాస్త్ర సెమినార్‌లో వ్యాసం చదివాడు. ఆ వ్యాసం ‘భారతదేశంలో కులాలు’, ఆ విద్యార్థి భీమ్‌రావ్ అంబేద్కర్. ఈ దేశ జనమంతా కలగాపులగంగా కలిసిన జనమే, కులానికి పునాది రక్తంలో తేడా కాదు, పెళ్లి సంబంధాలను గిరి గీసి మూసెయ్యడమే అన్నాడాయన. రంగుకు పాశ్చాత్య పండితులు లేనిపోని ప్రాముఖ్యం ఇచ్చారనీ అన్నాడు.

ఆ పండితుల్లో ముఖ్యుడు రిస్లీ. బెంగాల్‌లో కులాలవారీగా ముక్కులు కొలిచి, ముక్కు ఎంత సన్నమైతే కులం అంత పైది అని సూత్రం కట్టాడు. 1901 జనాభా లెక్కలకు ఆయనే కమిషనర్. మద్రాసు ప్రెసిడెన్సీలో అదే పని మ్యూజియం సూపరింటెండెంట్ థర్‌స్టన్ చేశాడు. 1909లో వచ్చిన ఆయన ఏడు సంపుటాల్లో మన మాలలూ మాదిగలూ ఉన్నారు. బ్రాంక్స్ బోర్డు మీద ఎత్తు, వయసు రాసిన చేతికీ ముక్కులు కొలిచిన ఈ చేతికీ చుట్టరికం ఉంది. బాబాసాహెబ్ ఆ కొలతల్ని విసిరికొట్టలేదు. 1948లో ‘అంటరానివారు’ గ్రంథంలో వాటినే తీసుకుని రాష్ట్రాలవారీగా బ్రాహ్మణుల ముక్కుల్నీ అంటరానివారి ముక్కుల్నీ పక్కపక్కన పెట్టాడు. బ్రాహ్మణులు ఆర్యులైతే అంటరానివారూ ఆర్యులే, వాళ్లు ద్రావిడులైతే వీళ్లూ ద్రావిడులే అని తేల్చాడు. దొర కొలబద్దతోనే దొర సూత్రాన్ని కొట్టేశాడు.

ఇక హిందూ మతం డార్విన్‌తో ఎట్లా వ్యవహరించింది? క్రైస్తవంలా ఎదురు తిరగలేదు, “అది మాకెప్పుడో తెలుసు” అంది. దివ్యజ్ఞాన సమాజపు బ్లావట్‌స్కీ 1877లో, కేశవచంద్ర సేన్ 1882లో దశావతారాలనూ పరిణామాన్నీ జత చేశారు. చేప, తాబేలు, పంది, సగం సింహం, పొట్టి మనిషి అని వరస పెడితే సైన్సులాగే కనిపిస్తుంది మరి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరే డార్విన్‌కన్నా దశావతారాలు మెరుగన్నాడు. కానీ అవతారమంటే పైనుంచి దిగడం. చేపకు తాబేలు పుట్టలేదు, తాబేలుకు పంది పుట్టలేదు. అక్కడ తల్లీ పిల్లా సంబంధమే లేదు, చుట్టరికం లేదు. డార్విన్ చెప్పిందంతా చుట్టరికం గురించే. పుట్టుక గురించి బ్రాహ్మణీయ సాహిత్యం చెప్పిన అసలు మాట పురుషసూక్తంలో ఉంది: నోటి నుంచి ఒకడు, చేతుల నుంచి ఒకడు, తొడల నుంచి ఒకడు, పాదాల నుంచి ఒకడు. అంటరానివాడికి ఆ శరీరంలో చోటే లేదు. దీన్ని జోతిబా ఫూలే 1873లో ‘గులాంగిరీ’లో ఉతికి ఆరేశాడు, అవతారాలను బయటినుంచి వచ్చిన ఆర్య దండనాయకులుగా చదివాడు. ఆ చదువులో చరిత్ర ఎంత అన్నది వేరే చర్చ. దశావతారాల్లో ఎవరు ఎవర్ని తొక్కారో అడిగిన మొదటి చదువుల్లో అదొకటి.

మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో, 2013లో వెలువరించిన జన్యు పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. ఈ దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనాల మిశ్రమమే. పాళ్లలో తేడాలున్నాయి, పై కులాల్లో ఉత్తరాది పాలు కొంత ఎక్కువ, దీన్ని పట్టుకుని రిస్లీని మళ్లీ లేపాలని చూసేవాళ్లూ ఉన్నారు. కానీ కలవనివాళ్లంటూ దాదాపు లేరు. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా సాగింది, ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. ఆంధ్ర వైశ్యుల్లో రెండు మూడు వేల ఏళ్లుగా బయటి సంబంధం దాదాపు లేదని తేలింది. పెళ్లి తలుపు మూసెయ్యడమే కులమని 1916లో ఆ విద్యార్థి చదివిన వ్యాసానికి రక్తం ఇన్నాళ్లకు సాక్ష్యం చెప్పింది.

బ్రాంక్స్ జూ నడిపే సంఘం 2020లో ఒటా బెంగా విషయంలో క్షమాపణ చెప్పింది. మన దగ్గర 2018లో కేంద్ర విద్యాశాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషైనట్టు మన పూర్వులెవరూ చూశామని చెప్పలేదు, డార్విన్ తప్పు, పాఠాల్లోంచి మార్చాలి అన్నాడు. 2023 నాటికి ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో ‘వంశపారంపర్యత, పరిణామం’ అనే పాఠం ఉత్త ‘వంశపారంపర్యత’ అయింది. పిల్లల మీద భారం తగ్గించడానికట. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేసి అభ్యంతరం చెప్పారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉందిగా అని జవాబొచ్చింది. పన్నెండులో జీవశాస్త్రం తీసుకునేవాళ్లెందరు? పదితో చదువాపేసి పనుల్లోకి పోయేది ఎక్కువగా ఎవరి పిల్లలో ఈ పత్రిక పాఠకులకు తెలుసు.