జెర్ సమాధి దేవుడిదైన కథ

1898లో ఫ్రెంచి పండితుడు ఎమిల్ అమెలినో ఈజిప్టులోని అబిడోస్ ఎడారిలో ఒక పాత సమాధిని తవ్వుతుంటే నల్లరాతి మంచం బయటపడింది. దాని మీద పడుకుని ఉన్నట్టు చెక్కినది ఒసిరిస్‌ను, చనిపోయినవారి లోకానికి ఏలికను. సాక్షాత్తు ఆ దేవుడి సమాధే దొరికిందని అమెలినో నమ్మాడు. పాత ఈజిప్షియన్లూ అలాగే నమ్మారు.

నిజానికది జెర్ అనే రాజుది. మొదటి రాజవంశంలో నార్మెర్, అహాల తర్వాత వచ్చినవాడు. కాలం సుమారు క్రీ.పూ. 3000. పిరమిడ్లు ఇంకా పుట్టలేదు. ఇసుకలో గొయ్యి తీసి, పచ్చి ఇటుకలతో గోడలు లేపి, లోపల కొయ్యగది కట్టారు. చుట్టూ వరసల్లో 300కు పైగా చిన్న గోతులు. వాటిలో కొలువులోని వాళ్లను, ఎక్కువగా స్త్రీలను పాతిపెట్టారు. కొందరి పేర్లు చిన్న రాతిపలకల మీద ఉన్నాయి. చనిపోయిన రాజుకు తోడుగా వాళ్లను చంపారని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ వంశం ముగిసేసరికి ఈ ఆచారం తగ్గిపోయింది. జెర్ వైభవం చెప్పేవాళ్లు ముందు ఆ పేర్లు చెప్పాలి.

సమాధి దోపిడీకి గురైంది, కాలిపోయింది. వెయ్యేళ్ల తర్వాత రాజులు దీన్నే ఒసిరిస్ సమాధిగా ఎంచుకుని, బాగుచేసి, లోపలికి మెట్లు కట్టించారు. నల్లరాతి మంచం పదమూడో రాజవంశ కాలంలో పెట్టించింది. ఒసిరిస్ ఉత్సవ విగ్రహాన్ని గుడి నుంచి ఊరేగింపుగా ఇక్కడికి తెచ్చేవారు. భక్తులు మొక్కుగా వదిలిన మట్టిపాత్రల పెంకులు ఇప్పటికీ ఆ నేలంతా గుట్టలే.

అమెలినో వదిలి వెళ్లిన చోటే పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ మళ్లీ తవ్వాడు. 1900-01 తవ్వకాల్లో గోడ కన్నంలో నారబట్ట చుట్టిన చెయ్యి దొరికింది, దొంగలెవరో విరిచి దాచినది. దానికి నాలుగు కంకణాలు: బంగారం, టర్కాయిస్, అమెథిస్ట్, అఫ్గాన్ కొండల నుంచి వచ్చిన లాపిస్ లజులి. ఒక కంకణం నిండా డేగ కూర్చున్న రాజముద్ర బిళ్లలే, ఒకటి బంగారం, ఒకటి టర్కాయిస్.

కంకణాలు కైరో మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. చెయ్యిని మాత్రం అక్కడి అధికారి ఎమిల్ బ్రూగ్ష్ పారేశాడు. శవాన్ని బట్ట చుట్టి కాపాడే పద్ధతికి అది చాలా పాత సాక్ష్యం. ఆ ఎముకలుంటే, ఆ చెయ్యి జెర్‌దో, ఆయన ఇంటి స్త్రీదో ఇవాళ్టి పరీక్షల్లో తేల్చడానికి వీలుండేది.