మెప్పు పలికినవారి చరిత్ర

కృష్ణకును తుంగభద్రకును నడుమ నున్న రాయచూరు అంతర్వేదిలో, తెలంగాణపు పొలిమేరకు చేరువగా నున్న యాపలదిన్ని మొదలైన పల్లెలయందు, కన్నడమును తెలుగును ఒకే యింట కాపురము చేయుచున్నవి. రాయచూరు కోటకై రాజులు తరతరములుగా పోరిరి. 1520లో కృష్ణదేవరాయలు దానిని గెలిచెను. తరువాతి కాలమున ఆ సీమ నైజాము రాజ్యమున జేరెను. 1956 నవంబరు 1వ తేదీన రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమునకు పోగా, అంతవరకు దానిలోనివే యైన గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమున గలిసెను. ఈ యుద్ధములకును పంపకములకును చరిత్రకారులు గలరు. అయితే, ఇట్టి పల్లెలకును, పొరుగు సంస్థానములకును, దూరపు పట్టణములకును సమానమైన మరియొక వ్యవహారము కలదు. ఒక ప్రణయకథను విని, దాని గుణదోషముల దూచి, ఇది వినదగినది, ఇది చదువదగినది యని తోడి రసికునకు చెప్పుటయే యది. దాని గతమును గూర్చియే నేనిచట వ్రాయబూనితిని; ఏలయన, కావ్యము పుట్టుటకు కవి యొక్కడు చాలునుగాని, అది తరువాతి తరమునకు చేరుటకు దానిని చేతబట్టుకొని యింటింటికి తిరుగు సహృదయుడు కావలయును.

మన ప్రజలు తమకు ప్రియులైన కథాపాత్రలను మూలకవి విడిచిన చోట విడిచినవారు కారు. బలరామునికి శశిరేఖ యను కూతురు వ్యాసభారతమున లేదు, కవిత్రయభారతమునను లేదు. అయినను అభిమన్యునకు ఆమెతోడి ప్రణయమును కల్పించి, ఘటోత్కచుని సాయమున పెండ్లి జరిపించి, ఆ కథను వీథినాటకములలో, తోలుబొమ్మలాటలలో, తుదకు 1957లో మాయాబజార్ చలనచిత్రములో చూచి మురిసినవారు తెలుగువారు. పారిజాతాపహరణమున సత్యభామ శ్రీకృష్ణుని శిరమును వామపాదమున దన్నుట హరివంశమున గానరాదు. అది నంది తిమ్మన చేర్పు. విజయవిలాసమున చేమకూర వేంకటకవి ఆదిపర్వమున కొలది యధ్యాయములలో ముగిసిన అర్జునుని తీర్థయాత్రను గైకొని, ఉలూచిని, చిత్రాంగదను, సుభద్రను మన కండ్లయెదుట మాటలాడు నాయికలుగా నిలిపెను. ఇట్లు ప్రసిద్ధపాత్రలకు క్రొత్త ప్రణయమును కల్పించుట యందు భక్తియు గలదు, చనువును గలదు. పాత్రను మిక్కిలి ప్రేమించినవాడే, మూలమున మౌనముగా నున్న ఘట్టమునందు ఆమె యేమనుకొన్నదో, అతడేమి పలికెనో యని రాత్రింబవళ్లు తలపోయగలడు.

అంతర్వేదిలోనే యిందులకు చక్కని యుదాహరణము కలదు. భాగవత దశమస్కంధమున శ్రీకృష్ణుని యష్టభార్యలలో నొకతె యైన భద్ర వివాహము సంస్కృతమున నొక్క శ్లోకముతో సరిపోయినది. మేనత్త శ్రుతకీర్తి కూతురనియు, అన్నదమ్ములు ఆమె నిచ్చిరనియు చెప్పి వ్యాసుడు ముందునకు సాగిపోయెను. గద్వాల సంస్థానకవి యగు కాణాదము పెద్దన సోమయాజి యా భద్రాపరిణయమునే యితివృత్తముగా గొని ముకుందవిలాస మను ప్రబంధమును రచించెను. రుక్మిణికి పోతన గలడు, సత్యభామకు తిమ్మన గలడు, భద్రకు ఎవ్వరును లేకుండిరి. ఆ కొఱతను గద్వాలకవి గుర్తించుట నాకు మిగుల హృద్యముగా దోచును. అభిమానముతో చదువువాని దృష్టి ఎప్పుడును అట్టి మూలలయందే ప్రసరించును.

ఈ కథలలోనే సిఫారసు చేయువారును కలరు. ఉషాపరిణయమున చిత్రలేఖ దేవతలను, గంధర్వులను, యాదవులను వరుసగా పటమున లిఖించి, చెలి యే రూపమును జూచి తలవంచునో కనిపెట్టును. ప్రభావతీప్రద్యుమ్నమున పింగళి సూరన శుచిముఖి యను హంసికి అంతటి వాక్చాతుర్య మిచ్చెను, ఆమె పలుకులు వినుకొలది ప్రభావతికి ప్రద్యుమ్నునిపై వలపు ఇనుమడించెను. మంచి మెప్పునకు లక్షణమేమో సూరన యిచట చూపినాడని నా నమ్మకము. శుచిముఖి వినువారి మనస్సు నెఱిగి పలుకును. తాను చూచినదానినే పలుకును. పలికినదానికి పూచీ వహించి కార్యము తుదముట్టువఱకు వెంట నిలుచును.

కావ్యములను మెచ్చు వ్యవహారము పూర్వము రాజసభలలో నడచెను. తెలుగుసీమలో ఆ సభలకు గద్వాల పేరు మోసినది. విద్వద్గద్వాల యని దానికి పేరే కలిగినది. కార్తిక మాఘ మాసములలో అచట పండితసభలు జరుగుచుండెడివి. గోదావరీతీరమునుండియు కృష్ణాతీరమునుండియు కవులు బండ్లమీద, కాలినడకను వచ్చి, సభలో తమ కృతులను వినిపించి, ఆక్షేపణలకు సమాధానములు చెప్పి, తరతమభేదమును బట్టి వార్షికములను గ్రహించి పోవుచుండిరి. తిరుపతి వేంకటకవులును గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానములను దర్శించి అవధానములు చేసినవారే. అట్టి సభలో శబ్దమున తప్పు పట్టు వైయాకరణుడును, అలంకారమును తూచు ఆలంకారికుడును, పద్యము చెవికింపుగా నున్నదా లేదా యని తల యూచి చెప్పు సంగీతరసికుడును ఒకేచోట కూర్చుండియుండిరి. సభ మెచ్చిన కావ్యమును లేఖకులు ప్రతులు వ్రాసికొనిరి. ప్రతి వ్రాసికొన్నవారు ఊరికి పోయి మరియొకరికి చదివి వినిపించిరి. మెప్పు పల్లెలకు చేరిన మార్గ మది.

ఆ సభలపై నాకు గౌరవము కలదు. అయినను వానికొక పెద్ద లోపముండెను. నాయిక విరహమునుగూర్చి నూఱు పద్యములు విని తలయూచిన యా సభలలో, ఆ విరహము నిజమా కాదా యని చెప్పగల స్త్రీకి పలుక నవకాశము మిక్కిలి తక్కువ. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వవిచారమున పింగళి సూరన కళాపూర్ణోదయమును గైకొని, వర్ణనల గొప్పకంటె కథాసంవిధానమును, పాత్రల స్వభావమును విచారించవలెనని తెలుగు విమర్శకు క్రొత్త త్రోవ త్రొక్కించెను. అది మేలైన పని. కాని అంతకు నాలుగేండ్ల మునుపే, 1910లో, ఒక స్త్రీ తానభిమానించిన ప్రణయకావ్యమును చేతబట్టుకొని లోకము నెదుట నిలిచినది. ఆమెయే బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో మైసూరు రాజ్యపు నంజనగూడున, దేవదాసీ కుటుంబమున జన్మించినది. కన్నడదేశమున పెరిగి, సంగీతమున ప్రసిద్ధికెక్కి, మదరాసున నివసించినది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించినది ఆమెయే యని పలువురెఱుగుదురు. రాధికాసాంత్వనమునకు ఆమె చేసిన సేవ యంతగా తెలియదు. ఆ కావ్యమును వ్రాసినది ముద్దుపళని. తంజావూరున 1739 నుండి 1763 వఱకు ఏలిన ప్రతాపసింహుని యాస్థానమందలి విదుషి. కావ్యము నాలుగాశ్వాసముల శృంగారప్రబంధము. ఇళ యను బాలికను రాధ తానే పెంచి, తానే శ్రీకృష్ణునకిచ్చి పెండ్లి చేసి, వారి తొలికలయికకు ఇరువురికిని తానే బుద్ధులు చెప్పి, ఆ పిదప తాను చేసిన దానమునకు తానే కుమిలిపోవును. ప్రియుడు మరచెనని యలుగును. కృష్ణుడు వచ్చి పాదములబడి సాంత్వనము చేయును. భాగవతమున రాధ పేరే కానరాదు, ఇళ యసలే లేదు. అనగా ముద్దుపళని, లోకమునకెల్ల ప్రియమైన యొక జంటను గైకొని, ఎవ్వరును అడుగని ప్రశ్న నొకదానిని అడిగినది: పెంచిన చేతులతోనే సవతిని చేసికొన్న ప్రౌఢ మనస్సెట్లుండును? రాధ యీర్ష్యను పరిహాసముగా గాని పాపముగా గాని చూపక, ఆమె వయస్సునకును వాత్సల్యమునకును తగిన దుఃఖముగా నిర్వహించుటయే యీ కావ్యమునకు ప్రాణమని నేననుకొందును. శృంగారవర్ణనలు నిస్సంకోచముగా నున్నవి. అవి లేనిచో రాధ కోల్పోయినదేమో పాఠకునకు తెలియదు.

సి.పి. బ్రౌనునొద్ద పనిచేసిన పైడిపాటి వెంకటనరసు ఈ గ్రంథమును 1887లో వ్యాఖ్యతో ముద్రించెను. 1907లో అది మరల అచ్చయినది. నాగరత్నమ్మ ఆ ముద్రణమును చదివి యానందించినది. తరువాత వ్రాతప్రతి యొకటి లభింపగా, రెంటిని పక్కపక్కన బెట్టి సరిచూచినది. చూడగా, ముద్రితప్రతిలో కొన్ని పద్యములు లోపించెను. కవయిత్రి తన తల్లులను, అమ్మమ్మలను, మేనత్తలను, తన విద్యను గూర్చి గర్వముతో చెప్పికొన్న అవతారికయు లేదు. కావ్యముండినది, కవయిత్రి లేకుండెను. అంతట నాగరత్నమ్మ వావిళ్ల రామస్వామిశాస్త్రులవారి ముద్రాక్షరశాల ద్వారా, లోపించిన భాగముల నెల్ల తిరిగి చేర్చి, తన పీఠికతో 1910లో ప్రకటించినది. చదివి మెచ్చుకొనుట సులభము. మెచ్చినదానికొఱకు పాఠపరిష్కారమనెడి యోపికగల పనికి పూనుకొనుటయే యామెను సామాన్యాభిమానులనుండి వేఱుచేయుచున్నది.

ఆమె పీఠిక మన భాషలో ఒక ప్రణయకావ్యమునకు స్త్రీ వ్రాసిన ఘనమైన సిఫారసు. కందుకూరి వీరేశలింగము ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళని విద్వత్తును కొంత యొప్పుకొనుచునే, గ్రంథము స్త్రీలు వినరానిదనియు, స్త్రీ వ్రాయరానిదనియు నిందించియుండెను. నాగరత్నమ్మ యాయన గొప్పతనమును కాదనలేదు. సిగ్గును ఔచిత్యమును స్త్రీలకే గాని పురుషులకు అక్కఱలేదా యని యడిగినది. ఆయన స్వయముగా పరిష్కరించిన వైజయంతీవిలాసమున నున్న శృంగారము దీనికంటె తక్కువదా యని తులనాత్మకముగా నిలదీసినది. కావ్యము మధురమైనదని మాత్రము చెప్పి యూరకుండక, ఇతరకావ్యముల ప్రక్కన నిలిపి, ఒకే తూనికరాయితో రెంటిని తూచుమని కోరుట నిజమైన విమర్శకుని లక్షణము. వీరేశలింగముగారు స్త్రీవిద్యకును వితంతూద్వాహములకును చేసిన మేలును తలచుకొని నేను చేతులు జోడింతును; ఈ యొక్క విషయమున మాత్రము న్యాయము నాగరత్నమ్మ పక్షముననే కలదు.

అటుపిమ్మట జరిగినది దుఃఖకరము. శశిలేఖ పత్రికలో విమర్శ వ్రాసినవారు కవయిత్రి కులమును, ప్రకటించిన స్త్రీ కులమును చూచిరేగాని గ్రంథమును చూడలేదు. ప్రభుత్వపు భాషాంతరీకరణాధికారి గ్రంథమున అశ్లీలమున్నదని చెప్పగా, 1911 ప్రాంతమున పోలీసులు ప్రతులను స్వాధీనపఱచుకొనిరి. పండితులు ప్రభుత్వమునకు విన్నపములు పంపిరి, అవి ఫలింపలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు మదరాసు రాష్ట్రమునకు ప్రధానిగా నున్న కాలమున గాని యా నిషేధము తొలగలేదు. వావిళ్లవారి పునర్ముద్రణము 1952లో వెలువడినది. నాగరత్నమ్మ పరమపదించినదియు ఆ సంవత్సరమే.

ఆ తరువాతి కాలమున ప్రణయకథలను స్త్రీలే వ్రాయుటయు స్త్రీలే యొకరికొకరు చెప్పుకొనుటయు సామాన్యమయ్యెను. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ నవల జ్యోతి మాసపత్రికలో ధారావాహికముగా వెలువడినపుడు, దానిని ప్రసిద్ధికి తెచ్చినది పండితుల పీఠిక గాదు. ప్రక్కింటివారికి సంచికను అందిచ్చి, రేపు తిరిగి యిమ్మని చెప్పిన గృహిణులును, అద్దెపుస్తకముల దుకాణమున పేరు చెప్పి యడిగిన కళాశాల బాలికలును. నేటి యువతులు తమకు ప్రియమైన చలనచిత్ర, ధారావాహిక పాత్రల ప్రణయమును తామే పొడిగించి వ్రాసి, ఏది చదువవలెనో యేది విడువవలెనో తోడివారికి వివరముగా తెలుపుచున్నారని విన్నపుడు, దీనిని క్రొత్త వేడుకగా తలచి పెదవి విఱచువారితో నేనేకీభవింపలేను. ఆ బాలికలు సూటిగా అడుగు ప్రశ్నలు గద్వాల సభకును తెలిసినవే: పాత్ర స్వభావము చెడినదా? మూలముతో పొసగినదా? వలపు క్రమముగా పెరిగినదా, ఒక్క పుటలో ముగిసినదా?

యాపలదిన్ని వైపు ఇండ్లలో ఈ ప్రశ్నలకు మరియొకటి తోడగును. బడిచదువు కన్నడములో సాగుటచే, తెలుగు మాటలాడు పిల్లలలో పలువురకు తెలుగులిపి పట్టుబడలేదు. అమ్మమ్మకు నోటికి వచ్చిన పెండ్లిపాటను మనుమరాలు పాడగలదు, పుస్తకమును మాత్రము చదువలేదు. అట్టివారికి రాధికాసాంత్వనముగాని, ముకుందవిలాసముగాని చదువుమని చెప్పినంత మాత్రమున చాలదు. ప్రక్కన కూర్చుండి పద్యమును చదివి, పదము విఱచి, అవసరమైన చోట కన్నడములో భావము చెప్పవలసియుండును. కన్నడదేశమున పుట్టి తెలుగు కావ్యమునకు పీఠిక వ్రాసిన నాగరత్నమ్మకు రెండు భాషలును చేతిలోనివే. అంతర్వేది యిండ్లలో రెంటిని ఎఱిగిన యక్కలు, పెద్దమ్మలు నేటికిని కలరు. వారి చేతికి ఆ గ్రంథములు రావలసియున్నది.