ధాత కరువు: అరపౌను గింజల తగవు

కరువు వచ్చిన యేటిని పేరు పెట్టి తలచుకొనుట మన పల్లెల వాడుక. గుంటూరు సీమవారికి నందన కరువు. దత్తమండలములవారికి ధాత కరువు. ఇంగ్లీషు సంవత్సరముల లెక్కలో మొదటిది 1832–33, రెండవది 1876–78. నందననాడు కూటికి లేక జనులు చచ్చుచుండగా, అది దైవము చేసిన పనియే కాని దొరతనమువారు జవాబు చెప్పుకొనవలసిన పని యని తలచినవారు కచేరీలలో అరుదు. ధాత కరువు తీరిన కొలది యేండ్లకే, ఒక మనిషి ప్రాణము నిలుచుటకు దినమునకెన్ని గింజలు కావలెను, అవి పెట్టవలసిన బాధ్యత ఎవరిది అను ప్రశ్నలు సర్కారు నిబంధనలలోనికెక్కెను. ఇంచుమించు ఏబదేండ్ల నడుమ జరిగిన యీ మార్పునకు కారణములు పెక్కులు గలవు. వానిలో ఒకటి, అరపౌను ధాన్యమును గూర్చి ఇద్దరు ఇంగ్లీషు ఉద్యోగులు చేసిన తగవు.

నందన కరువును గూర్చి క్లుప్తముగా చెప్పుకొందము. అప్పటి గుంటూరు జిల్లా జనసంఖ్య ఇంచుమించు 5 లక్షలు. అందులో 2 లక్షలవరకు నశించిరని నాటి అంచనాలు. చెన్నపట్టణము పోయిన గంజియైన దొరకునను ఆశతో దక్షిణపు బాట పట్టిన కుటుంబములు దారి పొడుగునను రాలిపోయెను. ధాన్యపు బేరములో సర్కారు చేయి పెట్టరాదనునది నాటి కంపెనీవారి సిద్ధాంతము. జనులు చచ్చినప్పుడు ఆ సిద్ధాంతమునకు చలనము కలుగలేదు గాని శిస్తు పడిపోయినప్పుడు మాత్రము చలనము కలిగెను. ఆర్థరు కాటను గోదావరిపై ధవళేశ్వరమున 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్టయు, దాని వెనువెంట బెజవాడ యొద్ద కృష్ణపై లేచిన ఆనకట్టయు ఆ వినాశమునకు ఆలస్యముగా దొరకిన సమాధానములు. ఆ సమాధానము మెట్ట ప్రాంతములకు అందలేదు.

మెట్టలలో మెట్ట దత్తమండలములు. 1800లో నైజామువారు కంపెనీ కొసగిన బళ్ళారి, కడప సీమలును, తరువాత చేరిన కర్నూలును తుంగభద్రా పినాకినుల నడుమ నుండియు నీటికి మొగము వాచిన నేలలు. అనంతపుర మప్పటికింకను వేఱు జిల్లా కాదు, బళ్ళారిలోనిదే. నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు, ఎఱ్ఱనేలలో కొఱ్ఱయు సజ్జయు పండించి, మంచి యేట మిగిలిన గింజలను పాతరలో పోసి, చెడ్డయేటికి దాచుకొనుట అక్కడి కాపుల అనాది నీతి. ఊరి గరిసెయు పాతరయు పండని యేడాది గడుచుటకు చాలును గాని, వరుసగా రెండు మూడు పంటలు పోయినచో చాలవు. 1876లో నైరృతి ఋతుపవనము మోసము చేసెను. కార్తెలన్నియు కాచుకొని కూర్చుండగా ఈశాన్య ఋతుపవనమును ముఖము చాటు చేసెను. చెఱువులు పగుళ్ళువాఱెను. కాపు చేను విత్తకపోగా కూలివానికి పని పోయెను. కాపును కూలియు బట్ట కొనకపోగా సాలెవాని మగ్గము ఆగిపోయెను. గింజలు సంతలో లేకపోవుటకంటె ముందే, కొనువాని చేతిలో డబ్బు లేకపోయెను. పాశ్చాత్య అర్థశాస్త్రజ్ఞులు పెద్ద గ్రంథములలో వివరించిన యీ క్రమమును ఊరి సాలెవాడు తన యింటి పొయ్యిలోనే చదువుకొనెను.

ఆ యేటికి చెన్నపట్టణమునుండి రాయచూరు పోవు రైలుదారి కడప, గుత్తి, ఆదవానిల మీదుగా సిద్ధమై యైదేండ్లయినది. రైలు వచ్చినచోట ఇక కరువు చేరదని నమ్మిన దొరలు అనేకులు. రైలు ధాన్యమును మోసుకొని వచ్చిన మాట నిజమే. కాని గుత్తి స్టేషనులో దిగిన బస్తాను కర్నూలు సీమలోని పల్లెకు చేర్చవలసినది ఎద్దుబండి. రైలులేని కర్నూలు జిల్లాలో మేత లేక ఎద్దులు ముందే చచ్చిపోయినవి, మిగిలినవి నడువలేనివి. స్టేషనుల యొద్ద బస్తాలు గుట్టలుగా పడియుండ, కొలది దినముల ప్రయాణపు దూరములో మనుషులు కూలుట ఆ కరువులోని ఘోరమైన వింత. అంతేకాక ధర యెక్కడ హెచ్చుగానుండునో అక్కడికి గింజలను లాగుకొనిపోవుటకును ఆ రైలే సాధనమయ్యెను.

చెన్నపట్టణపు గవర్నరు బకింగుహాము ప్రభువు, వర్తకులు చాలరను భయముతో, ఒక వర్తక సంస్థ ద్వారమున రహస్యముగా 30,000 టన్నుల ధాన్యము కొనిపించెను. సర్కారు ధాన్యము కొనుచున్నదని తెలిసినచో ఇతర వర్తకులు వెనుకకు తగ్గుదురని కలకత్తాలోని పైప్రభుత్వము ఆక్షేపించెను. వైస్రాయి లిట్టను ప్రభువునకు స్వేచ్ఛావర్తకమనునది వేదవాక్యము. దానికి తోడు ఖజానా ఖర్చును గూర్చిన దిగులును మెండు. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటు దర్బారు మహావైభవముతో జరుగుచుండగా దక్షిణాపథమున గంజికేంద్రములు నిండుచుండెను. ఆ దర్బారు ముగియగానే సర్ రిచ్చర్డు టెంపిలును వైస్రాయి తన ప్రతినిధిగా చెన్నరాజధానికి పంపెను.

ఈ టెంపిలు కథ తెలిసికొనదగినది. 1873–74లో బీహారమున కరువు సూచనలు కనబడగానే బర్మానుండి బియ్యము తెప్పించి, ధారాళముగా పనులు పెట్టించి, జననష్టము లేకుండ కాపాడినవాడితడే. అంతటి విజయమునకు ఆయనకు దక్కినది ఇంగ్లండులో దుబారా చేసినాడను నింద. ఆ నిందనుండి తప్పించుకొనవలెనను ఆత్రము ఆయన రెండవ ప్రయాణమంతట కనబడుచున్నది. దత్తమండలముల శిబిరములలో లక్షలమంది రోడ్లు వేయుచు, కంకర కొట్టుచు ఉండుట చూచి, సాయము అక్కఱలేనివారును చేరియున్నారని నిర్ధారించి, పేరులు కొట్టివేయించెను; మిగిలినవారి కూలి తగ్గించెను. పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యపు ఖరీదు, దానిపై ఉప్పు పప్పులకు అరణా. అంతకుముందు చెన్నరాజధానిలో ఒకటిన్నర పౌను లెక్క నడచుచుండెను. తగ్గినది అరపౌను.

80 తులముల సేరు లెక్కను చూచినచో పౌను ధాన్యమనగా అరసేరుకు ఒక తులము తక్కువ. అది దంచి చెఱిగిన పిమ్మట మిగిలిన పిండితో ఒక పెద్ద మనిషికి రెండు పూటలకును రొట్టెలు సరిపోవు. పోనీ సంకటి చేసికొందమన్నచో కట్టె కావలెను, కట్టెకు అరణాలోనుండియే చెల్లింపవలెను. దినమెల్ల సుత్తితో రాయి కొట్టిన చేయి ఆ రాత్రి అంత తిని పడుకొని మఱునాడు మరల సుత్తి యెత్తవలెను. బీదల కూలిలో ఇంటనున్న ముసలికి, చంటిబిడ్డకు భాగము పంచుట లోకమున సహజము గాన, లెక్కలో పురుషునిదైన పౌను ఆచరణలో పురుషునిదిగా మిగులదు. టెంపిలు వాదమేమనగా, ఇది ప్రయోగము మాత్రమే; వీరు దుర్బలులైనచో పెంచవచ్చును. ప్రయోగమునకు పాత్రములైనవారు ఆ మాట వినలేదు.

చెన్నరాజధాని పారిశుద్ధ్య కమిషనరు డాక్టరు కార్నిషు ఈ లెక్కకు అడ్డుపడెను. ఆయన కరుణరసముతో వ్రాయలేదు. వైద్యుని భాషలో వ్రాసెను. జైళ్ళలో ఖైదీల కెంత తిండి పెట్టుచున్నారో చూడుడనెను. కష్టపడి పనిచేయు ఖైదీకి సర్కారే నిర్ణయించిన భత్యముకంటె, ఏ నేరమును చేయక కూలికి వచ్చిన రైతునకిచ్చునది తక్కువగానున్నదని పట్టికలు కట్టి చూపెను. గింజలతో మాత్రమే శరీరము నిలువదనియు, కండను పోషించు పదార్థము లేనప్పుడు మనిషి మొదట నిలబడియే చిక్కి, పిదప ఏదో జబ్బు నెపముగా చచ్చుననియు, మరణపు పుస్తకములో జ్వరమని వ్రాసినంత మాత్రమున ఆకలి నిర్దోషి కాదనియు వాదించెను. ఈ తగవు మినిట్లను అభిప్రాయపత్రములుగా, వానికి ప్రతిమినిట్లుగా కాగితములపై నడచుచుండగా ఇదే తగ్గింపు అమలైన బొంబాయి దక్కనులో కూలివాండ్రు దానికి తమదైన జవాబు చెప్పిరి: లక్షకు పైబడిన జనులు పనులు వదలి వెడలిపోయిరి, పూనా సార్వజనిక సభ వారి పక్షమున అర్జీలు వ్రాసెను. చెన్నరాజధానిలో 1877 మే మాసమున కూలి తిరిగి పెరిగెను. వాదమున కార్నిషు గెలిచెనని చెప్పవచ్చును; ఆ నడిమి మాసములలో పోయినవారిని బట్టి చూచినచో ఎవరును గెలువలేదు.

ఆ వేసవి పిదప వానలును ఆలస్యమయ్యెను. సెప్టెంబరు నాటికి చెన్నరాజధానిలో సర్కారు సాయముపై బ్రతుకువారు 20 లక్షలకు పైబడిరి. కలరా, ఆ వెనుక వానలతో వచ్చిన చలిజ్వరము చిక్కిన దేహములను తేలికగా కొట్టుకొనిపోయెను. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871 లెక్కలకు, 1881 లెక్కలకు నడుమ సుమారు నాలుగవ వంతు తగ్గినది. ఆ యంకె చూచినవారికి వర్ణన అక్కఱలేదు.

ప్రభుత్వపు పద్ధతి చెప్పితిమి; సంఘపు పద్ధతి చెప్పవలసియున్నది. బ్రతికియుండిన బలుసాకు తినవచ్చునన్న సామెతను జనులు అక్షరాల ఆచరించిరి: ఆకులు, దుంపలు, నాగజెముడు పండ్లు, చింతగింజలు వారి కాహారమాయెను. ధర యెక్కుటకై పాతర మూసి కూర్చున్నవాని యింటిమీద ఆకలిగొన్నవారు పడుటయు, సంతకు పోవు బండ్లను దారికొట్టుటయు దత్తమండలములందు జరిగెను. దోపిడి నేరముల సంఖ్య ఆ యేండ్లలో విపరీతముగా పెరిగినట్లు పోలీసు లెక్కలు. చట్టము దృష్టిలో అది దొంగతనము. ఊరి న్యాయమున, పాతరగలవాడు కరువునాడు గింజలు తీయవలెనను పాత కట్టుబాటును జ్ఞాపకము చేయుట. ఆ కట్టుబాటును నిలుపుకొన్నవారును లేకపోలేదు. కర్నూలు సీమలో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆ శతాబ్దపు కరువుకాలములలో పెట్టిన అన్నదానము జానపదుల పాటలలో నేటికిని నిలిచియున్నది. కాని దాతయున్న ఊరివారు బ్రతికిరి, లేని ఊరివారు చచ్చిరి. దానధర్మమునకు గల గొప్పయు, కొఱతయు అదియే. సర్కారు శిబిరములలో వండిన కూడు ఎవరు వండినారో యని కులము చూచుకొని ముట్టక మడిసినవారును, గోషా విడువలేక యింటనే ఎండినవారును ఉండిరి.

1877 ఆగష్టులో చెన్నపట్టణపు పౌరులు సభచేసి ఇంగ్లండునకు మొఱపెట్టుకొనగా లండను మేయరు పేరిట తెరచిన చందాలో 6 లక్షల పౌనులకు పైగా ప్రోగైనవి. ఆ ద్రవ్యమును కేవలము గంజికి వాడక, రైతులకు విత్తనములు, ఎద్దులు, కూలిన యిండ్లకు కప్పు ఇచ్చుటకు వాడుట మెచ్చదగిన ఆలోచన. ప్రాణము నిలిపిన పిదప బ్రతుకు నిలుపుట వేఱు పని యని చందా సంఘమువారు గుర్తించిరి. ఆ సంఘపు కార్యదర్శి విలియము డిగ్బీ యను పత్రికాసంపాదకుడు 1878లోనే ఈ కరువు వృత్తాంతమును రెండు సంపుటములుగా ప్రకటించుటచేత, కాగితములలో కప్పుపడవలసిన పెక్కు సంగతులు లోకమున కెక్కెను.

1878లో రిచ్చర్డు స్ట్రేచీ అధ్యక్షతను కరువు కమిషను ఏర్పడి 1880లో నివేదిక సమర్పించెను. దానినిబట్టి 1883లో కరువు నిబంధనావళి తయారయ్యెను. ఇందులోని విశేషము సాయమును ముందుగానే యోచించి పెట్టుకొనుట. వాన ఎంత తప్పినది, ధర ఎంత యెక్కినది, ఊరువిడిచి తిరుగువారు ఎందఱు అను గుర్తులను కలెక్టరు కనిపెట్టుచుండవలెను. ఏ రోడ్డు త్రవ్వింపవలెనో, ఏ చెఱువు పూడిక తీయింపవలెనో జాబితా మంచికాలముననే వ్రాసియుండవలెను. కూలి ధాన్యపు ధరతో ముడిపడియుండవలెను, ఒళ్ళు నిలుచునంత యుండవలెను. పనిచేయలేనివారి పేరులు కరణమును, మునసబును వ్రాసి యింటికే సాయమందింపవలెను. గుంతకల్లు మీదుగా కర్నూలు సీమ దాటి కృష్ణదాక పోవు రైలుదారి 1880ల దశకమున పడుటయు ఆ ధాత నేర్పిన పాఠమే.

కొఱతలును స్పష్టముగానున్నవి. సర్కారే ధాన్యము నిల్వచేయవలెనని కమిషను సభ్యులలో కేయర్డు, చెన్నరాజధాని తరపు సలివనులు అసమ్మతి వ్రాసిరి, అధికసంఖ్యాకులు ఒప్పుకొనలేదు. స్వేచ్ఛావర్తకము పీట మీదనే నిలిచెను. పనికి వచ్చినవాడు నిజముగా దరిద్రుడా యని పరీక్షించు దృష్టియు పోలేదు. అన్నిటికంటె పెద్ద కొఱత వేఱొకటి: కరువు వచ్చినదని ప్రకటించిన క్షణముననే ఖర్చు మొదలగును; ప్రకటించు అధికారము ఖర్చు పెట్టువాని చేతిలోనే యుండెను. కావున వర్షపు పట్టికలు చేతనుంచుకొని, ధరలు కన్నులార చూచుచు, ఇది కరువు కాదు కొఱత మాత్రమే యని వ్రాయుటకు ఏ కచేరీకైనను వీలుండెను. స్వరాజ్యము వచ్చిన తరువాత 1952లో రాయలసీమలో గంజికేంద్రములు తెరచినపుడును, కరువను మాట ఎప్పుడు వాడవలెనను వాదము తప్పలేదు.

అయినను నిబంధనావళి వ్రాయుటకు ముందునకు, వెనుకకు ఒక భేదము నిశ్చయముగా కలదు. నందన కరువునాడు చచ్చినవాని పక్షమున అడుగుటకు కొలబద్ద లేదు. ధాత తరువాత అడుగవచ్చును: నీవే వ్రాసిన కూలి యెంత, ఇచ్చినదెంత, ఏ నెలలో ఆరంభింపవలసినది, ఏ నెలలో ఆరంభించితివి అని. ఆపదలో ప్రభువుల దయను పొగడుట సులభము. ఆ దయ మఱుసటి దొర కాలమున ఉండునని హామీ లేదు. టెంపిలు బీహారమున దయాళువు, దత్తమండలమున లోభి. మనిషి ఒక్కడే, పైవారి ఉత్తరువు మాఱినది. అందుచేత ఉత్తరువులు వ్రాయువారిని కట్టివేయు లెక్క ముందే పుస్తకములోకి ఎక్కవలెను, ఆ లెక్క చదివి నిలదీయువాడు ఊరిలోనుండవలెను. మొదటి పని కార్నిషు వంటి ఉద్యోగి ఒకడు మొండిపట్టు పట్టగా జరిగినది. రెండవ పనికి పత్రికలు, సభలు, ఓటు వచ్చువఱకు కాచుకొనవలసివచ్చెను. ఆ పని నేటికిని పూర్తియైనదని చెప్పుటకు వీలులేదు.