బయాస్ ఫైలు ఎందుకు అడుగుతుంది? - ఎమ్యులేటర్ల వెనక కథ

ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై ఒకటి ఖాళీగా పడుంటే మన సాఫ్ట్‌వేర్ జనం మొదట చేసే పని దాని మీద రెట్రోపై ఎక్కించడం. అరగంటలో మెమరీ కార్డు రెడీ, ఇంకో పది నిమిషాల్లో కంట్రోలర్ బటన్లు సెట్ అయిపోతాయి. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. ప్లేస్టేషన్ ఆట పెడితే 'బయాస్ ఫైలు ఏదీ?' అంటుంది. పాత ఆర్కేడ్ ఆట పెడితే 'ఈ రోమ్ సెట్ నా వెర్షన్‌ది కాదు' అంటుంది. మెనూలోకి వెళ్తే ఒకే కన్సోల్‌కి నాలుగైదు 'కోర్'లు కనిపిస్తాయి. రీజియన్ దగ్గర ఎన్‌టీఎస్‌సీ, పాల్‌తో పాటు డెండీ అని ఒక వింత పేరు.

ఇవన్నీ ఎవరో ప్రోగ్రామర్ తోచక పెట్టిన ఆప్షన్లు కావు. ఒక్కోదాని వెనక ఒక కోర్టు కేసో, ఒక చచ్చిపోయిన బ్యాటరీయో, పట్టు వదలని మనిషో ఉన్నారు. ఆ కథే ఈ టపా.

ముందుగా ఒక అపోహ సంగతి చూద్దాం. ఎమ్యులేటర్ అనగానే పైరసీ కుర్రాళ్ళ పని అనుకుంటారు చాలామంది. అసలీ మాట ఈ అర్థంలో వాడకంలోకి వచ్చింది ఐబీఎమ్‌లో. 1959లో వచ్చిన 1401 కంప్యూటర్లు వేల సంఖ్యలో ఆఫీసుల్లో కూర్చున్నాయి. వాటి మీద జీతాల లెక్కలు, ఇన్వాయిసులు నడుస్తున్నాయి. 1963 డిసెంబరులో హనీవెల్ వాళ్ళు 200 అనే మెషిన్ ప్రకటించి, మీ 1401 ప్రోగ్రాములు మా దాంట్లోకి మార్చిపెడతాం రండి అన్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరేంటో తెలుసా? లిబరేటర్! 1964 ఏప్రిల్‌లో ఐబీఎమ్ సిస్టమ్/360 ప్రకటించింది. దాని ఆర్కిటెక్చర్ పూర్తిగా కొత్తది, పాత ప్రోగ్రాములు నేరుగా నడవవు. కస్టమర్ చెయ్యిజారిపోకుండా చిన్న 360 మోడళ్ళలోనే 1401 లాగా ప్రవర్తించే మైక్రోకోడ్ పెట్టారు. అంటే కొత్త మెషిన్ మీద పాత ప్రోగ్రామ్ నడపడం కార్పొరేట్ అవసరంగా పుట్టిన విద్యే. మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టుల్లో పనిచేసే మిత్రులు ఈ విషయం గర్వంగా చెప్పుకోవచ్చు :)

ఆటల దగ్గరికొద్దాం. 1996 చివర్లో ఇటలీలో నికోలా సల్మోరియా అనే ఆయన ప్యాక్‌మ్యాన్ తరహా ఆర్కేడ్ హార్డ్‌వేర్‌ని పీసీ మీద అనుకరించే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. అలా విడివిడిగా రాసినవన్నీ కలిపి 1997 ఫిబ్రవరి 5న మేమ్ మొదటి వెర్షన్ విడుదల చేశాడు. మేమ్ టీమ్ మొదట్నుంచీ ఒకే మాట చెబుతుంది: మా పని హార్డ్‌వేర్ ఎలా పనిచేసిందో రాసిపెట్టడం, ఆట ఆడుకోగలగడం దానివల్ల వచ్చిన కొసరు మాత్రమే అని.

ఇది బడాయి మాట కాదు. ప్యాక్‌మ్యాన్ రోమ్ సెట్ జిప్ విప్పి చూడండి. లోపల ఒకే ఫైలు ఉండదు. 6ఈ, 6ఎఫ్, 6హెచ్, 6జే అనే పేర్లతో ముక్కలుంటాయి. అవేంటంటే 1980 నాటి ఆ సర్క్యూట్ బోర్డు మీద ఒక్కో చిప్ కూర్చున్న స్థానం. ఒక్కో ముక్క నాలుగేసి కేబీ, మొత్తం ఆట ప్రోగ్రామ్ 16 కేబీ. ఇవాళ మనం పంపే 'గుడ్ మార్నింగ్' బొమ్మ అంతకంటే పెద్దది. ఇక రోమ్ సెట్ వెర్షన్ తలనొప్పి ఎందుకంటే, ఫలానా చిప్‌ని సరిగ్గా చదవలేదని తర్వాతెప్పుడో తేలితే, మంచి బోర్డు దొరికినప్పుడు మళ్ళీ చదివి జాబితా సరిదిద్దుతారు. ప్రతి ముక్కకీ చెక్‌సమ్ ఉంటుంది. పాత జిప్ కొత్త మేమ్‌కి నచ్చకపోవడం బగ్ కాదు. తప్పచ్చు దిద్దిన కొత్త ముద్రణ వచ్చిందన్నమాట.

ఇప్పుడు బ్యాటరీ కథ. క్యాప్‌కామ్ వాళ్ళ సీపీఎస్-2 బోర్డులు 1993లో వచ్చాయి. నకిలీల బెడద తట్టుకోలేక ప్రోగ్రామ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి, దాన్ని విప్పే కీని బ్యాటరీతో బతికే మెమరీలో పెట్టారు. బ్యాటరీ అయిపోతే కీ పోతుంది, కీ పోతే బోర్డు పోతుంది. డబ్బులు పెట్టి కొన్నవాడిదైనా సరే, టైమ్ అయిపోగానే శవమే. కలెక్టర్లు దీనికి పెట్టిన పేరు సూసైడ్ బ్యాటరీ. 2000 దశకం మొదట్లో కొందరు బతికున్న బోర్డుల చేతే డేటాని విప్పించి బయటికి తీశారు. ఆ తర్వాత ఆండ్రియాస్ నైవ్, మన సల్మోరియా కలిసి 2007 నాటికి ఆ ఎన్‌క్రిప్షన్ అల్గారిథమ్ మొత్తాన్ని ఛేదించారు. 2016కల్లా చచ్చిన అసలు బోర్డులోకే మళ్ళీ కీ ఎక్కించి బతికించే పద్ధతి కూడా వచ్చింది. తయారుచేసిన కంపెనీ పెట్టిన గడువుని అభిమానులు రద్దు చేశారు. ఎమ్యులేటర్ రాసేవాళ్ళని దొంగలనే ముందు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి.

మన ఇళ్ళలోకి వచ్చిన ఆటల సంగతి వేరు. నింటెండో ఫామికామ్ జపాన్‌లో 1983 జులై 15న విడుదలైంది. 1.79 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2 కేబీ ర్యామ్. మన దేశంలో సమురాయ్ పేరుతో కొంతకాలం అమ్మారు కానీ, తొంభైల్లోనూ 2000ల్లోనూ మనవాళ్ళలో ఎక్కువమందికి తెలిసింది దాని నకిలీలే. కొందరి ఇంట్లో దాని పేరు 'టీవీ గేమ్', కొందరి ఇంట్లో 'క్యాసెట్ గేమ్'. '9999999 ఇన్ 1' అని రాసుండే క్యాసెట్‌లో ఉండేవి పట్టుమని పది ఆటలు. వాటినే వేరే లెవెల్ నుంచి మొదలుపెట్టించి వేరే పేరుతో మళ్ళీ మళ్ళీ మెనూలో చూపించేవాడు. ఆ మెనూ రాసినవాడు మార్కెటింగ్‌లో ఉండాల్సింది.

ఇక్కడే ఆ డెండీ ఆప్షన్ వస్తుంది. డెండీ అనేది 1992లో రష్యాలో వచ్చిన ఫామికామ్ నకిలీ. అక్కడి టీవీల్లాగే మన టీవీలు కూడా సెకనుకి 50 ఫీల్డులు చూపించేవి. అసలు ఫామికామ్ 60కి తయారైంది. 50 మీద నడిచే నకిలీలో ఆట ఆరో వంతు నెమ్మదిస్తుంది, పాట కూడా సాగుతుంది. చిన్నప్పుడు కాంట్రాని అవలీలగా గెలిచినవాళ్ళకి ఇప్పుడు ఎమ్యులేటర్‌లో అది మరీ స్పీడుగా అనిపిస్తే, వయసైపోయిందని దిగులుపడక్కర్లేదు. రీజియన్ డెండీకి మార్చి చూడండి, పాత రోజులు తిరిగొచ్చినట్టే ఉంటుంది.

ఇక కోర్‌ల గొడవ. 1996లో మరాట్ ఫైజులిన్ ఐనెస్ అనే ఎమ్యులేటర్ తెచ్చాడు. ఆట ఫైలు ముందు 16 బైట్ల హెడర్ తగిలించే పద్ధతి అక్కడినుంచే వచ్చింది. 1997 ఏప్రిల్‌లో నెస్టికిల్ వచ్చింది. అప్పటి మామూలు పీసీల్లో కూడా పరుగెత్తింది, ఆట మధ్యలో ఎక్కడైనా సేవ్ చేసుకునే అలవాటుని జనానికి బాగా పట్టించింది. అప్పటి సూత్రం ఒక్కటే: ఆట నడిస్తే చాలు. ఏ ఆటైనా తేడా చేస్తే దానికోసం కోడ్‌లో ఒక 'ఇఫ్' వేసెయ్యడం. ప్రొడక్షన్‌లో కస్టమర్ పేరు హార్డ్‌కోడ్ చేసిన కోడ్ చూసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు.

ఈ పద్ధతికి ఎదురుతిరిగినవాడు 2004లో బీస్నెస్ మొదలుపెట్టిన నియర్. తొలిరోజుల్లో బైయూ అనే పేరుతో రాసేవాడు. ఆటకో ప్యాచ్ కాదు, సూపర్ నింటెండో చిప్ ప్రతి సైకిల్‌లో ఏం చేస్తుందో అదే చెయ్యాలి అన్నది ఆయన పంతం. 2011లో దీనిమీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. అసలు కన్సోల్ ప్రాసెసర్ 3.58 మెగాహెర్ట్జ్ మాత్రమే, దాన్ని అచ్చంగా అనుకరించడానికి ఆయనకి మూడు గిగాహెర్ట్జ్ పీసీ కావాల్సొచ్చింది. ఇంత చాదస్తం ఎందుకు? స్పీడీ గొంజాలెస్ ఆటలో ఒక చోట ప్రోగ్రామ్ అసలు మెమరీయే లేని అడ్రస్‌ని చదువుతుంది. నిజం మెషిన్‌లో బస్ మీద మిగిలిపోయిన విలువ వస్తుంది, ఆట ముందుకు పోతుంది. ఉజ్జాయింపు ఎమ్యులేటర్లో లూప్ ఎప్పటికీ ఆగదు. డాక్యుమెంటేషన్లో లేని ప్రవర్తన మీద కూడా ఎవడో ఒకడు ఆధారపడి ఉంటాడు. ఏపీఐ మెయింటెయిన్ చేసినవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పాలా?

అచ్చంగా అనుకరించాలనే వాళ్ళు ఒకవైపుంటే, పూర్తిగా అవతలి ఒడ్డున అల్ట్రాహెచ్‌ఎల్‌ఈ ఉంది. 1999 జనవరిలో వచ్చింది. నింటెండో 64 ఇంకా షాపుల్లో అమ్ముతుండగానే దాని ఆటలు పీసీ మీద ఆడించింది. కిటుకేంటంటే చిప్ స్థాయిలో అనుకరించడం మానేసి, ఆట పిలిచే లైబ్రరీ ఫంక్షన్లని పట్టుకుని వాటి పని నేరుగా పీసీ గ్రాఫిక్స్ కార్డుతో చేయించడం. నింటెండో కన్నెర్ర చేసేసరికి రాసినవాళ్ళు వెంటనే వెనక్కి తీసేసుకున్నారు. పోటీ మెషిన్ బతికుండగానే ఎమ్యులేటర్ రాగలదని కంపెనీలకి భయం పట్టుకున్నది ఆ నెలలోనే.

ఎందుకంటే అదే నెలలో ఇంకోటి జరిగింది. మ్యాక్‌వరల్డ్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ స్వయంగా కనెక్టిక్స్ వాళ్ళ వర్చువల్ గేమ్ స్టేషన్ చూపించాడు. 49 డాలర్లిస్తే మ్యాక్ మీద ప్లేస్టేషన్ ఆటలు! సోనీ కోర్టుకెళ్ళింది. కనెక్టిక్స్ ఇంజినీర్లు పని చేస్తున్నప్పుడు సోనీ బయాస్‌ని కాపీ చేసుకుని, విప్పి చదివిన మాట నిజం. కానీ అమ్మిన ప్రొడక్టులో సోనీ కోడ్ లేదు, ఆ పనులన్నీ చేసే కోడ్ వాళ్ళు సొంతంగా రాసుకున్నారు. కింది కోర్టు అమ్మకం ఆపమంది. 2000 ఫిబ్రవరిలో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ తీర్పు తిరగేసింది. పోటీ ప్రొడక్టు చెయ్యడానికి రివర్స్ ఇంజినీరింగ్ తప్పనిసరైనప్పుడు మధ్యలో జరిగిన కాపీ ఫెయిర్ యూజ్ అంది. మన బయాస్ ప్రశ్నకి జవాబు ఇదే. బయాస్ సోనీ ఆస్తి, ఎమ్యులేటర్ రాసినవాడి సొంతం. అందుకే ఎమ్యులేటర్ డౌన్‌లోడ్‌లో బయాస్ ఉండదు, మీ మెషిన్ నుంచి మీరే తెచ్చుకోండి అంటుంది.

మరి గెలిచినవాళ్ళు ఏమయ్యారు? 2001లో సోనీ ఆ ప్రొడక్టుని కొనేసి మూసేసింది. పీసీ కోసం ఇలాంటిదే చేసిన బ్లీమ్ కంపెనీ కూడా 2000లో ప్రకటనల్లో స్క్రీన్‌షాట్ల కేసులో పై కోర్టులో నెగ్గింది. నెగ్గీ లాయర్ల ఖర్చు మోయలేక 2001లో మూతపడింది. న్యాయం గెలవడం వేరు, కంపెనీ బతకడం వేరు.

అసలు తమాషా ఆ తర్వాత ఉంది. 2018 డిసెంబరులో సోనీ ప్లేస్టేషన్ క్లాసిక్ అని చిన్న పెట్టె అమ్మింది. లోపల నడిచింది ఏంటి? పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్డ్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్! నింటెండో 2016లో అమ్మిన ఎన్‌ఈఎస్ క్లాసిక్ కూడా లినక్స్ మీద సొంత ఎమ్యులేటర్ నడిపే బుల్లి కంప్యూటరే. నింటెండో వీ మెషిన్ మీద అమ్మిన సూపర్ మారియో ఫైలులో ఆ 16 బైట్ల ఐనెస్ హెడర్ ఉందని 2016లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఫ్రాంక్ సిఫాల్డి చూపించాడు. ఆ ఫైలు ఎక్కడినుంచి వచ్చిందో హెడర్ ఒక్కటే రుజువు చెయ్యదనుకోండి. కానీ అభిమానులు పెట్టిన ఫార్మాట్ అసలు కంపెనీ గడపదాకా వెళ్ళిందన్నది మాత్రం ఖాయం.

అలాగని ఎమ్యులేటర్ పేరుతో అన్నీ చెల్లుతాయని కాదు. నెట్‌లో దొరికే రోమ్‌లు ఎత్తుకోవడం కాపీరైట్ ఉల్లంఘనే, దానికి 'పాతది కదా' అన్నది సమాధానం కాదు. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52, చట్టబద్ధంగా ప్రోగ్రామ్ కాపీ ఉన్నవాడు బ్యాకప్ తీసుకోవడానికి, అదెలా పనిచేస్తుందో పరిశీలించడానికి వీలిస్తుంది. ఊళ్ళోవాళ్ళందరికీ పంచమని చెప్పలేదు. ఇంకా అమ్ముతున్న స్విచ్ ఆటల ఎన్‌క్రిప్షన్ దాటేస్తోందని యుజు మీద నింటెండో 2024 ఫిబ్రవరిలో కేసు వేస్తే, వారం రోజుల్లో 24 లక్షల డాలర్లకి రాజీ పడి వాళ్ళు దుకాణం కట్టేశారు. కనెక్టిక్స్ తీర్పు ఆ గొడవలో పరీక్షకే రాలేదు. మరోవైపు అదే ఏడాది ఏప్రిల్‌లో ఆపిల్ పాత ఆటల ఎమ్యులేటర్లకి యాప్ స్టోర్ తలుపు తీసింది.

నా బాధ అంతా కొనాలన్నా దొరకని ఆటల గురించి. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. లైబ్రరీలు పరిశోధకులకి వాటిని దూరం నుంచి ఆడి చూసే వీలిస్తామంటే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ ఆఫీసు వద్దంది. అమ్మరు, ఇంకొకర్ని దాచనివ్వరు. ఇదెక్కడి న్యాయం?

ఆటలే కదా, పోతే పోనీ అనేవాళ్ళకి చివరగా ఒక మాట. తొంభైల్లో, 2000ల్లో అచ్చైన తెలుగు పుస్తకాలు చాలావాటిని అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చారు. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కి కొత్త వెర్షన్ రాలేదు. ఆ ఫైళ్ళు యూనికోడ్‌లో లేవు. వాటిని ఉన్నవున్నట్టు తెరవాలంటే పాత విండోస్ కావాలి. ఏఆర్ఎమ్ లాప్‌టాప్ ఉన్నవాడికైతే అచ్చంగా ఎమ్యులేటరే కావాలి. ప్యాక్‌మ్యాన్ చిప్పుల కోసం పుట్టిన ఓపిక రేపు మన పుస్తకాలకీ పనికొస్తుంది. మీ ఇంట్లోనో, ఊళ్ళో డీటీపీ సెంటర్లోనో ఆ కాలం నాటి సీడీలుంటే పారెయ్యకండి. ముందు ఇమేజ్ తీసి పెట్టండి, నడిపే దారి తర్వాత చూసుకోవచ్చు. సీడీ చదవడం మానేశాక మాత్రం ఏ ఎమ్యులేటరూ ఏమీ చెయ్యలేదు.